సగటు వానకు పంట పండదు

కడప జిల్లా పోరుమామిళ్లలో భైరవాలయం దగ్గర 1369 నాటి శాసనం ఒకటి ఉంది. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు అక్కడ చెరువు కట్టించిన వైనాన్ని చెబుతూ, రోజూ వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు పనిచేసినా ఆ కట్ట పూర్తి కావడానికి రెండేళ్లు పట్టిందని అది నమోదు చేసింది. అంతటితో ఊరుకోకుండా మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను, చెరువుకు పట్టే ఆరు దోషాలను కూడా వరుసగా పేర్కొన్నది. కట్ట నుంచి నీరు ఊరడం, చౌడు నేల, రెండు రాజ్యాల సరిహద్దున ఉండడం, చెరువు నడుమ తాబేటి వీపులా మెరక లేవడం అనే నాలుగూ అక్కడికి వెళ్లి నిలబడితే తెలిసిపోయే దోషాలు. చివరి రెండు మాత్రం వేరే జాతివి. నీరు తక్కువై పారవలసిన నేల ఎక్కువ కావడం ఒకటి, నేల తక్కువై నీరు ఎక్కువ కావడం మరొకటి.

ఈ రెండూ నిష్పత్తికి సంబంధించిన దోషాలు. చెరువులోకి ఏటా ఎంత నీరు చేరుతుందో, కట్ట కింద ఎంత ఆయకట్టు పారుతుందో ముందుగా అంచనా కట్టి, ఒకదాన్ని మరొకదానితో పోల్చి చూసుకున్నవారికే ఇవి కనిపిస్తాయి. శాసనంలో సూత్రం లేదు, అంకెల పట్టిక లేదు. అయినా లోకంలోని చిక్కును కొలతలుగా మార్చి, ఆ కొలతల మధ్య సంబంధాన్ని వెతికే పని అందులో ఉంది. ఇప్పుడు అనువర్తిత గణితం అని పిలుచుకునేదీ ఆ పనినే. సమీకరణాలు సాధించడమే అందులో కష్టమైన భాగమని పేరు పడింది గానీ, అసలు కష్టం అంతకు ముందే ఎదురవుతుంది: దేన్ని కొలవాలి, కొలిచిన వంద అంకెల బదులు ఏ ఒక్క అంకెను ముందు పెట్టాలి అని తేల్చుకోవడంలో. మామూలుగా ముందుకు వచ్చేది సగటు. ఆ సగటు ఎక్కడ అక్కరకు వస్తుందో, ఎక్కడ కొంప ముంచుతుందో తెలుసుకోవడానికి రాయలసీమ వానను, వరదను, చేనును, గాలిని మించిన పాఠం దొరకడం కష్టం.

వానతోనే మొదలుపెట్టవచ్చు. పడమటి కనుమల వానచాటున ఉన్న అనంతపురం జిల్లాలో సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. జిల్లా మీద వచ్చే ఏ నివేదికలోనైనా ఈ అంకె మొదటి పేజీలోనే కనిపిస్తుంది. కానీ చెనిక్కాయ (వేరుశనగ) వేసే రైతు ఏడాది మొత్తం ఎంత కురుస్తుందని అడగడు. నేల విత్తనానికి తగినట్టు తడిసి పదునైందా, ఆ పదును ఎన్నాళ్లు ఆగుతుంది, కాయ పట్టే ఊడలు నేలలోకి దిగే వేళకు వానలు ఆగి బెట్ట పడుతుందా అని అడుగుతాడు. ఈ మూడు ప్రశ్నల్లో ఒక్కదానికి కూడా 550 అనే అంకె దగ్గర జవాబు లేదు.

జవాబు కోసం శాస్త్రజ్ఞులు వాడే అతి సాదా నమూనా నేలను ఒక తొట్టిగా భావిస్తుంది. నిన్నటి తేమకు ఈరోజు వానను కలిపి, పైరు పీల్చుకున్నదీ ఎండకు ఆవిరైపోయినదీ తీసివేస్తే ఈరోజు తేమ వస్తుంది. తొట్టి నిండాక పడిన వాన వంకల పాలవుతుంది. లోతు లేని ఎర్రనేల 60 మిల్లీమీటర్ల నీటిని పట్టి ఉంచుతుందని, పైరు రోజుకు 4 మిల్లీమీటర్లు వాడుకుంటుందని అనుకుందాం. ఒకే రాత్రి 120 మిల్లీమీటర్లు కుమ్మరించి వాన వెళ్లిపోతే, సగం నేలలో నిలిచి సగం వంకలో పోతుంది, పైరుకు 15 రోజుల తేమ దక్కుతుంది. అదే 120 మిల్లీమీటర్లు వారానికొకసారి 30 చొప్పున నాలుగు వానలుగా పడితే ఒక్క చుక్క కూడా చేను దాటదు, పైరు నెల రోజులు నిలబడుతుంది. వర్షమాపకంలో మొత్తం రెండుసార్లూ ఒకటే, సగటూ ఒకటే. చేలో మాత్రం ఒకటి పంట, ఇంకొకటి ఎండుగడ్డి. తొట్టికి అంచు ఉండడమే ఈ తేడాకు మూలం. వానకు తగినంత లాభం ఒక హద్దు వరకే పెరిగి అక్కడ ఆగిపోతుంది కనుక, సగటు వానకు వచ్చే ఫలితమూ, వేర్వేరు వానలకు వచ్చే ఫలితాల సగటూ ఒకటి కావు. ఈ వ్యాసంలో మున్ముందు వచ్చే గాలిమరల లెక్కలోనూ పనిచేసేది ఇదే సూత్రం.

బెట్ట సంగతి ఇంకొంచెం లోతైనది. భారత వాతావరణ శాఖ లెక్కలో 2.5 మిల్లీమీటర్లు, అంతకు మించి పడిన రోజే వానరోజు. ఒక ఊళ్లో వానాకాలంలో సగటున అయిదు రోజులకొకటి వానరోజు అనుకుందాం. అంటే ఏ రోజు తీసుకున్నా అది పొడిరోజు కావడానికి సంభావ్యత 0.8. ఒక రోజుకూ మరో రోజుకూ సంబంధం లేదనుకుంటే, వరుసగా 15 రోజులు వాన లేకపోవడానికి సంభావ్యత 0.8ను 15 సార్లు గుణిస్తే వస్తుంది, అది మూడున్నర శాతం. ఇంత చిన్న ప్రమాదానికి భయపడనక్కర లేదని ఈ లెక్క చెబుతుంది. అయితే ఏ ఊరి రైతుకైనా తెలిసిన విషయం ఏమిటంటే, వాన వానను పిలుస్తుంది, ఎండ ఎండను పిలుస్తుంది. ఒక రోజు పొడిగా ఉంటే మర్నాడూ పొడిగా ఉండే సంభావ్యత 0.8 కాక 0.9 అనుకుని, వానరోజుల సగటును మాత్రం మార్చకుండా మళ్లీ లెక్క వేస్తే, అదే పదిహేను రోజుల బెట్టకు సంభావ్యత సుమారు 18 శాతానికి చేరుతుంది. సగటు కదలలేదు, ప్రమాదం అయిదింతలైంది.

నిన్నటి స్థితిని బట్టి నేటి సంభావ్యతను నిర్ణయించే ఈ పద్ధతిని రష్యన్ గణితవేత్త పేరుతో మార్కోవ్ శృంఖల అంటారు. దైనందిన వాన లెక్కకు దీన్ని వాడిన తొలి ప్రసిద్ధ పరిశోధన 1962లో వచ్చింది. టెల్ అవీవ్ నగరపు వాన రికార్డుల మీద గేబ్రియల్, న్యూమన్ చేసిన పని అది. తరువాత మెట్ట సేద్యం ఉన్న ప్రతి ప్రాంతంలోనూ బెట్టల లెక్కకు ఈ పద్ధతి మామూలైపోయింది. పల్లెల్లో ఏడాదిని 27 కార్తెలుగా పంచుకోవడం వల్ల ఒక్కో కార్తెకు పదమూడున్నర రోజులు వస్తాయి. ఎర్రనేలలో పదును ఆగే కాలం కూడా ఇంచుమించు అంతే. ఈ దగ్గరితనం కాకతాళీయమే కావచ్చు. కానీ ఆరుద్రలో ఎంత పడింది, పునర్వసులో ఎంత పడింది అని విడివిడిగా గుర్తుపెట్టుకునే రైతు లెక్క, ఏడాది మొత్తాన్ని ఒక్క అంకెలో కుక్కే నివేదిక కంటే తొట్టి నమూనాకు దగ్గరగా ఉందని ఒప్పుకోవలసిందే.

వాన తక్కువైనప్పటి లెక్క ఇది. ఎక్కువైనప్పటి లెక్కకు కర్నూలు వెళ్లాలి. సెకనుకు ఒక ఘనపుటడుగు చొప్పున పారే నీరు ఒక క్యూసెక్కు. వంద కోట్ల ఘనపుటడుగులు ఒక టీఎంసీ. రోజుకు 86,400 సెకన్లు కాబట్టి 11,574 క్యూసెక్కులు రోజంతా పారితే ఒక టీఎంసీ నిండుతుంది. 2009 అక్టోబరు మొదటి వారంలో శ్రీశైలం జలాశయంలోకి వరద ఒక దశలో సుమారు 25 లక్షల క్యూసెక్కులకు చేరింది. ఆ ఉధృతి ఒక రోజంతా సాగితే వచ్చే నీరు 216 టీఎంసీలు. పూడిక పేరుకుపోయాక శ్రీశైలానికి 885 అడుగుల పూర్తి మట్టం దగ్గర లెక్కగట్టిన నిల్వ 215.8 టీఎంసీలు, కట్టిన కొత్తలో అది 308. అంటే జలాశయం అడుగంటి ఉన్నా ఒక్క రోజులో అంచు దాకా నింపగల ప్రవాహం అది. అప్పుడు జలాశయం అడుగంటి లేదు. తుంగభద్ర, హంద్రి కలిసే చోట ఉన్న కర్నూలు నగరం అక్టోబరు 2న మునిగిపోయింది. ఆ ఏడాది దేశంలో నైరుతి రుతుపవనాల వాన సాధారణంలో 78 శాతమే, అంటే కరవు సంవత్సరం. కరవూ వరదా ఒకే ఏడు వచ్చి పోతే, సంవత్సరాంతంలో ఆ రెండింటినీ కలిపి తీసిన మొత్తం ఎవరికి ఏ సమాచారం ఇస్తుందో ఊహించుకోవచ్చు.

అందుకే వరదల గణితంలో సగటును మొదటే పక్కన పెడతారు. ఏ ఏటికాఏడు వచ్చిన అత్యధిక ప్రవాహాన్ని మాత్రమే తీసుకుని, ఆ గరిష్ఠాలు ఏ తీరులో పంపిణీ అయ్యాయో చూస్తారు. జర్మనీలో పుట్టిన గుంబెల్ అనే గణితవేత్త పేరుతో ఉన్న పంపిణీ ఇందుకు ఇంజనీర్లు విరివిగా వాడేది. దాని నుంచి పుట్టిన మాటే వందేళ్ల వరద, సరిగ్గా అర్థం కాని మాటల్లో దీనిది పెద్దపీట. వందేళ్ల వరద అంటే వందేళ్లకొకసారి తిథి తప్పకుండా వచ్చేది అని కాదు. ఏ సంవత్సరమైనా రావడానికి నూటికి ఒక పాలు అవకాశం ఉన్నది అని అర్థం. పోయిన ఏడు వచ్చినంత మాత్రాన వచ్చే ఏడు అవకాశం తగ్గదు. యాభై ఏళ్ల కాలంలో అలాంటిది ఒక్కటైనా రావడానికి సంభావ్యత లెక్కిస్తే దాదాపు 40 శాతం వస్తుంది. నదీతీరంలో ఇల్లు కట్టుకునేవారికి నూటికి ఒకటి అని చెప్పడానికీ, మీరు ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లలో నూటికి నలభై అని చెప్పడానికీ ఎంత తేడా ఉందో వేరే చెప్పనక్కర లేదు. ఇంకో ఇబ్బందీ ఉంది. అరవై, డెబ్బై ఏళ్ల రికార్డును చేతిలో పెట్టుకుని వెయ్యేళ్ల వరదను అంచనా కట్టడం సూత్రం మీద కంటే నమ్మకం మీద ఎక్కువ నడిచే పని; ఎంత మంచి పంపిణీని ఎంచుకున్నా, చూడని చోటికి గీతను పొడిగించడమే అవుతుంది.

ఇక చేను. పంట నష్టపోయిన రైతుకు బీమా ఎంత రావాలన్నది తేల్చే లెక్క పైకి చాలా చిన్నది. 2016లో వచ్చిన ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజన ప్రకారం, గత ఏడేళ్లలో దిగుబడి బాగున్న అయిదేళ్ల సగటు తీసి, దాన్ని 70, 80, 90 శాతాల్లో ఆ పంటకు, ఆ ప్రాంతానికి నిర్ణయించిన స్థాయితో గుణిస్తే హామీ దిగుబడి వస్తుంది. ఈ ఏటి దిగుబడి దానికంటే ఎంత తగ్గిందో చూసి, ఆ తగ్గుదలను హామీ దిగుబడితో భాగించి, బీమా మొత్తంతో గుణిస్తే పరిహారం. ఎనిమిదో తరగతి పిల్లవాడు వేయగల లెక్క. చిక్కంతా ఈ ఏటి దిగుబడి అన్న ఒక్క మాటలో ఉంది.

దాన్ని తేల్చడానికి చేసేదే పంట కోత ప్రయోగం. యాదృచ్ఛిక సంఖ్యలతో ఊళ్లో కొన్ని సర్వే నంబర్లను ఎంచుతారు. ఎంచిన చేలో పొడవునా ఎన్ని అడుగులు వేయాలి, అడ్డంగా ఎన్ని అడుగులు వేయాలి అన్నది కూడా యాదృచ్ఛిక సంఖ్యే చెబుతుంది, లేకపోతే ఎవరి కాలైనా పైరు బాగున్న వైపుకో, ఎండిన వైపుకో లాగుతుంది. ఆ మూల దగ్గర మేకు కొట్టి, తాడు లాగి, సాధారణంగా 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పుతో చదరం గీస్తారు. అందులోని చెట్లు పీకి, మన్ను దులిపి, కాయలు తెంచి కాటా వేస్తారు. పచ్చి కాయలో నీరు ఉంటుంది కనుక కొంత నమూనాను ఆరబెట్టి మళ్లీ తూస్తారు.

ఆ చదరం 25 చదరపు మీటర్లు. ఎకరా 4,047 చదరపు మీటర్లు. అంటే చదరంలో తూచిన ప్రతి కిలో ఎకరా లెక్కలోకి వెళ్లేసరికి 162 కిలోలు అవుతుంది. తప్పు కూడా అదే లెక్కన పెరుగుతుంది. ఒక ఊళ్లో గత ఏడేళ్ల చెనిక్కాయ దిగుబడి ఎకరాకు 420, 350, 300, 250, 200, 150, 80 కిలోలు అని ఊహించుకుందాం. మంచి అయిదేళ్ల సగటు 304, అందులో 80 శాతం 243. ఈ ఏడు నిజంగా పండింది 150 కిలోలు అనుకుంటే, నష్టం 38 శాతం. ఎకరా బీమా మొత్తం 20 వేలు అయితే సుమారు 7,660 రూపాయలు చేతికి రావాలి. ఇప్పుడు ఊళ్లో కోసిన ప్రతి చదరంలోనూ కాటా పావు కిలో ఎక్కువ చూపిందనుకుందాం. కాయ సరిగా ఆరలేదు, లేదా కాయకు మన్ను అంటుకుని ఉంది. ఎకరా దిగుబడి 190కి ఎగబాకుతుంది, నష్టం 22 శాతానికి పడిపోతుంది, పరిహారం 4,300 చిల్లరకు దిగుతుంది. పావు కిలో మట్టికి ఎకరాకు మూడు వేల పైచిలుకు రూపాయలు. అది ఆ ఒక్క రైతుకే కాదు, ఆ చదరాల లెక్కలోకి వచ్చే ఊరంతటికీ వర్తిస్తుంది.

తాడు కూడా అమాయకమైనది కాదు. గీత మీద పడిన చెట్టు లోపలిదా, బయటిదా అని సందేహం వచ్చినప్పుడు మనిషి చేయి దాన్ని లోపలికే లాగుతుంది. నాలుగు వైపులా అయిదు సెంటీమీటర్ల చొప్పున జరిగితే 5 మీటర్ల చదరం 5.1 మీటర్లవుతుంది, విస్తీర్ణం 4 శాతం పెరుగుతుంది. అదే ఒక మీటరు చదరంలో అంతే జరిగితే పెరుగుదల 21 శాతం. చదరం చిన్నదయ్యే కొద్దీ విస్తీర్ణంతో పోలిస్తే చుట్టుకొలత వాటా పెరగడం వల్ల ఈ పొరపాటు పెరుగుతుంది. గణాంకవేత్తలైన మహలనోబిస్ (బెంగాల్ జనపనార సర్వేలు చేసినవారు), సుఖాత్మే (ధాన్యం సర్వేలు చేసినవారు) 1940లలో కోత చదరం ఎంత ఉండాలన్నదాని మీద గట్టిగా వాదించుకున్నారు. చిన్న చదరాలు దిగుబడిని ఎక్కువ చేసి చూపుతాయని సుఖాత్మే అంకెలతో చూపించారు. తాడు మందం మీద ఇద్దరు ఉద్దండులు తగువు పడడమేమిటని నవ్వు రావచ్చు గానీ, పైన చూసిన మూడు వేల రూపాయలు ఆ తగువులోనివే.

కాటా, తాడు రెండూ సరిగ్గా ఉన్నా మరో అనిశ్చితి మిగులుతుంది. ప్రధాన పంటలకు గ్రామ పంచాయతీకి కనీసం నాలుగు ప్రయోగాలు అన్నది నియమం. ఊళ్లోని చేలకూ చేలకూ మధ్య దిగుబడిలో ఎకరాకు 60 కిలోల మేర తేడా ఉంటుందనుకుంటే, నాలుగింటి సగటులో 30 కిలోల పొరపాటుకు చోటు ఉంటుంది. దాన్ని 15కు తగ్గించాలంటే ఎనిమిది ప్రయోగాలు చాలవు, పదహారు కావాలి. పొరపాటు తగ్గేది సంఖ్యకు వర్గమూలం చొప్పునే. చేతిలో ఉన్న కొలతల నుంచి ఎంత తెలివైన సూత్రంతో పిండినా ఇంతకు మించి కచ్చితత్వం రాదని ఒక కనీస హద్దు గీసి చూపినవారు గణాంకవేత్త సి.ఆర్. రావు. దత్తమండలాల్లో కర్నూలు, అనంతపురం, కడపలతో పాటు ఉండిన బళ్లారి జిల్లాలోని హడగలిలో 1920లో తెలుగు కుటుంబంలో పుట్టి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివి, 1945లో పాతికేళ్ల ప్రాయంలోనే ఆయన ప్రచురించిన ఆ ఫలితాన్ని క్రామర్-రావు హద్దు అని ప్రపంచమంతా పిలుస్తుంది. డ్రోన్లు, ఉపగ్రహ చిత్రాలు పంట కోతల స్థానంలో వస్తున్నాయని వినిపించే మాటకూ ఈ హద్దు వర్తిస్తుంది. చిత్రం ఎంత స్పష్టంగా ఉన్నా, ఆకు పచ్చదనంలో భూమిలోపలి కాయ గురించి ఎంత సమాచారం ఉందో అంతే బయటికి వస్తుంది. చెనిక్కాయ విషయంలో ఆ సమాచారం వరితో పోలిస్తే తక్కువ కావడం సహజం.

హామీ దిగుబడి లెక్కలోనే మరొక మెలిక ఉంది. ఏడింటిలో రెండు చెడ్డ ఏళ్లను వదిలేయడం రైతుకు మేలు చేయడానికే. కానీ ఏడేళ్లలో నాలుగైదు కరవులు వస్తే మిగిలిన కరవులు సగటులోకి చొరబడతాయి. పై ఊరి దిగుబడులు 300, 250, 200, 150, 120, 90, 60గా ఉండి ఉంటే హామీ దిగుబడి 163కు పడిపోతుంది, అదే 150 కిలోల పంటకు పరిహారం 38 శాతం బదులు 8 శాతమే. కరవు ఎంత తరచుగా వస్తే ఆ కరవును సూత్రం అంత మామూలుగా చూస్తుంది. సగటును ఎన్నుకున్నవారికి చెడు ఉద్దేశం లేకపోవచ్చు, సగటుకు ఆ గుణం పుట్టుకతోనే ఉంది.

గాలి విషయంలో సగటు అటువైపు తప్పుతుంది, అంటే ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. రామగిరి కొండల మీద తిరిగే గాలిమరకు అందే శక్తి గాలి వేగపు ఘనానికి అనుపాతంలో ఉంటుంది. వేగం సెకనుకు 5 నుంచి 6 మీటర్లకు, అంటే అయిదో వంతు పెరిగితే శక్తి 73 శాతం పెరుగుతుంది. సగం కాలం 3 మీటర్లు, సగం కాలం 9 మీటర్ల వేగంతో వీచే చోట సగటు వేగం 6. ఆరు ఘనం 216. కానీ 27, 729ల సగటు 378. సగటు వేగాన్ని నమ్మి ఆ కొండను వదులుకున్న సంస్థ ముప్పావు వంతు అదనపు శక్తిని వదులుకున్నట్టు. అందుకే మర నిలపకముందు ఏడాదికి తక్కువ కాకుండా కొలత స్తంభం పాతి, వేగాల పంపిణీ మొత్తాన్ని నమోదు చేస్తారు. ఆ శక్తిలో కూడా 27లో 16 పాళ్లకు మించి ఏ మరా తీసుకోలేదన్నది జర్మన్ శాస్త్రజ్ఞుడు బెట్జ్ చూపిన హద్దు.

దోమ సంగతి ఇంతకంటే చిత్రమైనది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని చూసిన రోనాల్డ్ రాస్, ఆ తరువాత గణితం వైపు తిరిగి, దోమలను పూర్తిగా నిర్మూలించకపోయినా వాటి సాంద్రత ఒక హద్దుకు దిగితే మలేరియా తనంతట తానే అంతరిస్తుందని సమీకరణాలతో వాదించాడు. ఒక దోమ మిగిలినా జబ్బు మిగులుతుంది కదా అని నమ్మిన ఆనాటి వైద్యులకు ఆ వాదన మింగుడుపడలేదు. 1950లలో మలేరియా శాస్త్రజ్ఞుడు మక్‌డొనాల్డ్ ఆ లెక్కను ముందుకు తీసుకుపోయాడు. పరాన్నజీవి దోమ ఒంట్లో పక్వానికి రావడానికి పది రోజుల పైన పడుతుంది. ఆ పది రోజులూ బతికిన దోమే జబ్బును అంటించగలదు. దోమ ఒక రోజు గడిపే సంభావ్యత 0.9 అయితే పది రోజులు బతికేవి నూటికి 35. దాన్ని 0.8కి దించితే నూటికి 11 కూడా ఉండవు. దోమలు గుడ్లు పెట్టే నీటిగుంటల్లో మందు చల్లి దోమల సంఖ్యను సగం చేస్తే జబ్బు అంటించే దోమలూ సగమే అవుతాయి. ఇంటి గోడలకు మందు కొట్టి పెద్ద దోమలు రోజు గడిపే సంభావ్యతను 0.9 నుంచి 0.8కి దించితే మూడింట రెండొంతులు పోతాయి. దోమల లెక్కలో సంఖ్య ఒక్కసారే గుణకంగా వస్తే, రోజు గడిపే సంభావ్యత పదిసార్లు గుణకంగా రావడమే దీనికి కారణం. గోడలకు మందు కొట్టడం అప్పటికే మొదలైనా, అది ఎందుకంత బాగా పనిచేస్తుందో ఈ లెక్క చూపింది.

తిరిగి నీటి దగ్గరికి వస్తే, పోరుమామిళ్ల శాసనం చెప్పిన అయిదో దోషానికి, అంటే నీరు తక్కువై నేల ఎక్కువ కావడానికి, నేటి ఉదాహరణ హంద్రీ-నీవా. శ్రీశైలం జలాశయం వెనుక నీటిని మల్యాల దగ్గర ఎత్తి కర్నూలు, అనంతపురం, కడప, చిత్తూరు ప్రాంతాలకు మళ్లించే ఈ పథకం 40 టీఎంసీలతో ఆరు లక్షల పైచిలుకు ఎకరాలను దృష్టిలో పెట్టుకుని తయారైంది. ఒక టీఎంసీ అంటే 22,957 ఎకరాల్లో ఒక అడుగు లోతు నీరు. 40 టీఎంసీలను 6.02 లక్షల ఎకరాలకు పంచితే ఒకటిన్నర అడుగు వస్తుంది, తాగునీటి వాటా, కాలువలో ఆవిరి, ఇంకుడు తీసివేయకముందు. ఆరుతడి పంటకు అది ఒక పంటకు సరిపోవచ్చు, వరికి ససేమిరా చాలదు. నీటిని ఎత్తే ఖర్చు కూడా చిన్నది కాదు. పంపులకు 75 శాతం సామర్థ్యం ఉందనుకుంటే, ఒక టీఎంసీని ప్రతి 100 మీటర్ల ఎత్తుకూ ఎక్కించడానికి ఇంచుమించు కోటి యూనిట్ల కరెంటు పోతుంది.

అయితే అసలు ప్రశ్న మరో అంకెలో దాక్కుని ఉంది. కాలువ సామర్థ్యం మొదట 3,850 క్యూసెక్కులుగా నిర్ణయమైంది. ఆ అంకె ఎక్కడ నుంచి వచ్చిందంటే, కృష్ణకు ఏటా 120 రోజులు వరద ఉంటుందన్న అంచనా నుంచి. 3,850 క్యూసెక్కులు 120 రోజులు పారితే 39.9 టీఎంసీలు, లెక్క సరిపోయింది. ఆ 120 కూడా ఒక సగటు లాంటిదే. వరద 40 రోజులే ఉన్న ఏడు అదే కాలువలో వచ్చేది 13.3 టీఎంసీలు. ఆ 40 రోజుల్లోనే 40 టీఎంసీలు ఎత్తాలంటే 11,574 క్యూసెక్కుల కాలువ కావాలి, అంటే మూడింతలు వెడల్పు, మూడింతల పంపులు, అవి ఏడాదిలో 325 రోజులు ఊరికే పడి ఉంటాయి. ఈ రెండింటి మధ్య ఎక్కడ ఆగాలో చెప్పడానికి సగటు వరద రోజులు పనికిరావు. ఏ ఏడు ఎన్ని రోజులు శ్రీశైలంలో ఎత్తిపోతకు తగిన మట్టం నిలిచిందో ఒక్కో ఏడాదికీ విడివిడిగా రాసుకుని, కాలువను ఇంకో వెయ్యి క్యూసెక్కులు పెంచితే ఆ జాబితాలో ఎన్ని ఏళ్లకు ఎన్ని టీఎంసీలు అదనంగా వస్తాయో లెక్కించి, ఆ అదనపు నీటి విలువను తవ్వకం ఖర్చుతో పోల్చాలి. మొదటి వెయ్యి దాదాపు ప్రతి ఏడూ పనికొస్తుంది. ఆఖరి వెయ్యి వరద కొద్ది రోజులే ఉన్న ఏళ్లలో మాత్రమే అక్కరకు వస్తుంది, కానీ అనంతపురానికి నీరు అన్నిటికంటే ఎక్కువ కావలసింది ఆ ఏళ్లలోనే.